సలోమి ఒప్పుకోలు

అనగనగా ఒక ఊళ్ళో, అలలు గుమ్మందాకా వచ్చి పలకరించిపోయే ఊళ్ళో, సలోమి అనే ఆవిడ ఉండేది. అప్పట్లో అక్కడ తాటాకుల గుడి. గంటకు బదులు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. దాన్ని కొడితే సముద్రం అడుగున చేపలు కూడా లేచి కూర్చునేవి! ఇప్పుడు మైకులొచ్చాయి గానీ, ఆ మోత ఏదమ్మా?

సలోమి మొగుడి పేరు యోనా, బైబిల్లో పెద్ద చేప మింగినాయన పేరు. ఆ పేరు పెట్టినవాణ్ణి ఎవరైనా సముద్రమ్మీదికి పంపుతారుటే? పంపారు. యోనా, వాళ్ళన్నయ్యా ఒకే పడవలో వేటకెళ్ళారు. అప్పుడు గాలివాన వచ్చింది. కొబ్బరిచెట్లు వంగి ఇసకని ముద్దెట్టుకున్నాయి. మూడు రోజులైనా పడవ రాలేదు.

సలోమి గుడి అయ్యగారి దగ్గరికి పరుగెత్తింది.

"అయ్యగారూ, ప్రార్థన ఎలా చెయ్యాలండీ? నాకు 'ఇయ్యి ప్రభువా' తప్ప ఇంకేం రాదు."

"మూడు మెట్లమ్మా. ముందు స్తుతి. ఆ తర్వాత పాపాల ఒప్పుకోలు. ఆఖర్న విన్నపం. ఏ మెట్టూ దాటెయ్యకు."

ఇంటికొచ్చి మోకాళ్ళూనింది. స్తుతి ఏరులా పారింది. సూర్యుణ్ణీ, సముద్రాన్నీ, పీతకున్న పది కాళ్ళనీ పేరుపేరునా స్తుతించింది.

ఆ తర్వాత ఒప్పుకోలు. "ప్రభువా, మా తోడికోడలు లేయమ్మ గయ్యాళిదని ఒప్పుకుంటున్నాను. మూడు నెలలుగా నాతో మాట్లాడ్డం లేదని ఒప్పుకుంటున్నాను. దాని కోడి నా వడ్లు తింటోందనీ ఒప్పుకుంటున్నాను."

దడి అవతల లేయమ్మ దగ్గింది. "కోడి పాపం కూడా నువ్వే ఒప్పుకున్నావు. మరి నీదెప్పుడే?"

సలోమి వినబడనట్టే మూడో మెట్టెక్కింది. "ప్రభువా, నా మొగుణ్ణి ఒడ్డుకి..." అంది. అక్కడ ఆగింది. ఉన్నది ఒక్క పడవ. అందులో లేయమ్మ మొగుడూ ఉన్నాడు. సగం పడవని రమ్మని ఎలా అడుగుతుంది?

అప్పుడు లేచి దడి చుట్టూ తిరిగి వెళ్ళింది. లేయమ్మ వెలిగించని పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"అక్కా, పండగ భోజనాలప్పుడు నీ పీతల కూరలో గుప్పెడుప్పు కలిపింది నేనే."

ఆ రోజు ఊరంతా నీళ్ళు తాగీ తాగీ బావి అడుగంటింది. లేయమ్మకి 'ఉప్పుల లేయమ్మ' అని పేరు పడింది.

"గుప్పెడా? దోసెడు!" అంది లేయమ్మ. "నాకప్పుడే తెలుసు. నీ నోటితో చెబుతావేమోనని మూడు నెలలు చూశాను."

సలోమి భోరుమంది. చాపంతా తడిసింది. లేయమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. ఇద్దరూ మోకాళ్ళూనారు.

"ప్రభువా, మావాళ్ళిద్దర్నీ..." అన్నారో లేదో, ఒడ్డున కేకలు. "చాప! తెరచాప!"

లేయమ్మ సలోమి చెయ్యి పట్టుకుని లాగింది.

"అక్కా, ఆమెన్ అనలేదే!"

"పరిగెడుతూ అనవే, మొద్దూ!"

ప్రార్థన పైకి, పడవ ఒడ్డుకి,
కథ కంచికి, నిద్ర కంటికి.