గాజు మేడలో పూలు

కాశ్మీరులో ఒక కొండవాలు మీద బాబా ఖలీల్ అనే సూఫీ గురువు ఉండేవాడు. ఆయన శిష్యుడు సుభాన్ వరసగా మూడో చలికాలం నలభై రోజుల ఏకాంత దీక్ష ముగించి రాతిగదిలోంచి బయటికి వచ్చాడు. మొదటి రెండుసార్లలాగే ఈసారీ ఏ అనుభవమూ కలగలేదు. వెలుగు కనపడలేదు, కంట నీరైనా రాలేదు. మోకాళ్ళ నొప్పులు మాత్రం మిగిలాయి.

ఇక చాలనుకున్నాడు. కొండ దిగి, శాలువాలు నేసే మేనమామ దగ్గరికి పోదామని నిశ్చయించుకున్నాడు. ఆ మాట చెప్పడానికి పొద్దున్నే గురువు గదికి వెళ్ళాడు.

బాబాకి డెబ్బై ఎనిమిదేళ్ళు. అప్పటికే బూట్లు తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"బాబా, మీతో ఒక మాట..."

"దార్లో చెప్దువుగాని. పట్నం తోటలో గాజు మేడ తెరిచారట. లోపల పూలు పూశాయట, సుభాన్. ఈ మంచులో. పద పద, జనం పెరుగుతారు."

బయట మోకాలి లోతు మంచు. చెట్లన్నీ కట్టెపుల్లల్లా ఉన్నాయి. వసంతానికి ఇంకా నెలన్నర ఉంది. ముసలాయన ముందు నడుస్తుంటే సుభాన్ వెనకాల పరుగులాంటి నడకతో వెళ్ళాడు. రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ బాబా, "అరుగో, మనకంటే ముందే ఎంతమంది పోతున్నారో చూడు" అని ఇంకా వేగం పెంచాడు.

గాజు తలుపు తీయగానే వెచ్చని గాలి మొహానికి తగిలింది. తడిమట్టి వాసన. నాలుగు నెలలుగా సుభాన్ ముక్కుకి తెలియని వాసన అది. తర్వాత రంగులు. ఎర్ర తులిప్‌లు, పసుప్పచ్చ తులిప్‌లు, తెల్లని నర్గిస్ పూలు వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి. ఆడవాళ్ళు ఉన్ని పైబట్టలు విప్పి చేతుల మీద వేసుకుని నవ్వుతున్నారు. ఒక ముసలమ్మ పువ్వుకి చెంప ఆనించి కళ్ళు మూసుకుంది.

సుభాన్ తను వచ్చిన పనే మరిచిపోయాడు. ఒక వరస నుంచి ఇంకో వరసకి తిరిగాడు. "బాబా, ఇటు రండి. ఇది చూడండి, లోపలంతా నలుపు" అని గురువు చెయ్యి పట్టి లాగాడు. బాబా కూడా ప్రతి కుండీ ముందూ వంగాడు.

మేడ చివరికి వచ్చాక సుభాన్‌కి ఒక్కసారిగా తను వచ్చిన పని గుర్తొచ్చింది.

"వీటికెంత సులువో చూడండి. వెచ్చగా ఉంచారు, పూసేశాయి. నేను మూడు చలికాలాలు మీ రాతిగదిలో కూర్చున్నాను. ఒక్క ఆకు వేయలేదు. రేపు మామ దగ్గరికి వెళ్ళిపోతున్నాను, బాబా."

బాబా పక్కనే నీళ్ళు చల్లుతున్న తోటమాలి జూనా వైపు తిరిగాడు.

"ఇవి ఎన్నాళ్ళనుంచి ఈ వెచ్చదనంలో ఉన్నాయి, తల్లీ?"

"ఇరవై రోజులు."

"అంతకుముందు?"

"మూడు నెలలకు పైగా కింద చలిగదిలో, చీకట్లో."

"నేరుగా ఇక్కడికే తెస్తే?" అన్నాడు సుభాన్.

"ఆకులొస్తాయి బాబూ. పువ్వు రాదు."

బాబా కళ్ళు మెరిశాయి. "ఆ గది మాకు చూపిస్తావా?"

జూనా లాంతరు పట్టుకుని మెట్లు దిగింది. కింద గది బావిలా చల్లగా ఉంది. మట్టి నింపిన కుండీలు నేలంతా పరిచి ఉన్నాయి. పైకి ఒక్క పచ్చని మొన కూడా లేదు.

"చెయ్యి పెట్టు," అన్నాడు బాబా.

సుభాన్ ఒక కుండీలో వేళ్ళు గుచ్చాడు.

"ఏముంది?"

"మట్టి. చలి."

"ఇంకొంచెం లోపలికి."

వేళ్ళకి దుంప తగిలింది. నున్నగా, గట్టిగా ఉంది. దాని నెత్తిన, మట్టికి అంగుళం లోపల, గోరంత మొన ఒకటి తగిలింది. సుభాన్ ఊపిరి ఆగింది. పక్క కుండీలో వేలు పెట్టాడు. అక్కడా ఉంది. ఆ పక్కదానిలోనూ ఉంది. గది నిండా మొలకలు, కనిపించకుండా, బయల్దేరి ఉన్నాయి.

అతను మూడో కుండీలో మట్టి గబగబా పక్కకి తోయబోయాడు, ఆ మొనని కంటితో చూడాలని.

బాబా అతని మణికట్టు పట్టుకున్నాడు.

"కప్పెయ్," అన్నాడు.

సుభాన్ ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో మట్టిని మెల్లగా వెనక్కి సర్దాడు.