కోట కింద కుండపెంకులు

ఏటి ఒడ్డున ఒకానొక బుల్లి రాజ్యం. రాజు వీరభూపాలుడు. రాజ్యం ఎంత చిన్నదో ఆయన గొప్పలు అంత పెద్దవి.

ఓరోజు ఆస్థాన పండితుడు సోమయాజులు కోట తోటలో గొయ్యి తవ్విస్తే మనిషి లోతున తుప్పు పట్టిన కత్తి దొరికింది. "ప్రభూ, తమ పూర్వీకులది. ఎంత లోతుంటే అంత పాతది" అన్నాడు.

ఇంకేముంది, రాజు ఉబ్బిపోయాడు. "ఐతే ఎవరిది పాతదో నేల వాళ్ళదే. కోట పక్క కుమ్మరివీధి ఖాళీ చేయించండి, ఏనుగుల సాల కడతా. నిన్నగాక మొన్నొచ్చినోళ్ళకి అంత చోటెందుకు?"

కుమ్మరి పోలమ్మ ఉరుక్కుంటూ పోయి ఆస్థాన విదూషకుడు చెన్నప్పని పట్టుకుంది. "ఏవయ్యా, కుండలు కాల్చే ఆవం నెత్తిన పెట్టుకుని పోవాలా మేం?"

"నాతో రా పిన్నీ" అన్నాడు చెన్నప్ప.

సభలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, తోటలోనే కత్తి దొరికితే కోట గోడ కింద ఇంకెంత ఘనత ఉందో. తవ్విద్దామా? తమ తీర్పే, ఎవరిది పాతదో నేల వాళ్ళదే."

"తవ్వించు" అన్నాడు రాజు దర్జాగా.

తవ్వారు. కోట పునాది రాళ్ళు అయిపోయాయి. కింద ఇసక. దాని కింద బూడిద, కుప్పలుగా కుండపెంకులు.

సోమయాజులు మొహం మాడింది. "మోసం. ఎవరో ఇప్పుడే పూడ్చారు."

"పూడిస్తే మన్నూ ఇసకా కలిసిపోవా సామీ? ఏటి వరద పరిచిన ఇసక ఇది. ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా ఉంది. దాని కింద పెంకులు, దాని మీద కోట. ఎవరు ముందొచ్చారో నేను చెప్పాలా?" అన్నాడు చెన్నప్ప.

రాజు గొంతు తగ్గింది. "అంటే నా కోట ఉన్నది కుమ్మరోళ్ళ నేల మీదా?"

"తమ తీర్పు ప్రకారం అంతే. ఏనుగులకంటే ముందు తమకే చోటు వెతకాలి."

పోలమ్మ ఒక పెంకు తీసుకుని అంచు మీది నొక్కులో బొటనవేలు పెట్టింది. అతికినట్టు సరిపోయింది. తలెత్తి చెప్పింది: "మేం ఇప్పటికీ ఇట్టాగే నొక్కుతాం దొరా. మీరుండండిలే. మేం ఖాళీ చెయ్యమనం."

రాజు ఆపుకోలేక పడీపడీ నవ్వాడు. వీధి వాళ్ళకే రాసిచ్చి, తన చేతి కంకణం తీసి చెన్నప్పకి తొడిగాడు.

ఆ గొయ్యి మాత్రం పూడ్చనివ్వలేదు. పక్క రాజ్యం నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకుపోయేవాడు. "చూడండి, మా ఊరు నా వంశం కంటే పాతది. మీ ఊళ్ళో ఉందా ఇట్టాంటిది?"