పోటు వచ్చేదాకా సాగిన సభ

రండి పిల్లలూ, దగ్గరికి జరగండి. వెనకున్న ఆ చిన్నదాన్ని ముందుకు రానివ్వండి, దానికి నా గొంతు వినపడదు. పాలసముద్రంలో కొండను వీపున మోసిన కూర్మస్వామిని ఒక్కసారి తలుచుకోండి. ఎందుకంటే, ఇవాళ్టి కథ ఒక తాబేలుది.

ఏరు సముద్రంలో కలిసేచోట నల్లరేవు అనే మడ అడవి ఉండేది. ఉప్పునీటి బురదలో వేళ్ళూని నిలబడే చెట్ల అడవి అది. అందులో అడవిపందులు, నక్కలు, పీతలు, కొంగలు కాపురముండేవి. అంచునే ఓ ఇసుకదిబ్బ. దాని మీద రేవమ్మ అనే సముద్రపు తాబేలు ఏటా గుడ్లు పెట్టేది.

ఒకప్పుడు ఆమెతో తాబేళ్ళ గుంపే వచ్చేది. ఇప్పుడామె ఒక్కతే. ఇసుక కాలిపోయి, గుడ్లు లోపలే ఉడికి పాడైపోతున్నాయి. తోటివాళ్ళు వేరే ఒడ్డు వెతుక్కుని పోయారు. పుట్టిన ఇసుకను వదల్లేక రేవమ్మ ఉండిపోయింది. సాయంత్రం సముద్రం కేసి చూసేది. ఏ తలా పైకి తేలేది కాదు.

ఇసుక ఎందుకిలా అయింది? ఆమె దిబ్బ మీద పొట్ట ఆనించి చూసేది. అవతలి లంకకు ఈదుకుపోయి అక్కడా చూసేది. అదే ఎండ, అదే గాలి. అయినా అక్కడ ఇసుక చల్లగా ఉండేది. అక్కడ బురదను తవ్వేవాళ్ళు లేరు మరి!

ఇక్కడ పందుల పెద్ద కోరయ్య దుంపల కోసం మందచేత నల్లబురదను లోతుగా తవ్వించేవాడు. వేళ్ళు తెగి చెట్లు కూలేవి. గుంతల్లోంచి బుడగలు లేచేవి. బురద ఎన్నో ఏళ్ళుగా కడుపులో దాచుకున్న ఆవిరి అది. కనబడని కంబళిలా అడవిని కప్పేసేది. పొద్దుగూకినా వేడి పోయేది కాదు. పోటు నీరు కూడా ఏటికేడు ఇంకాస్త పైకి వస్తోంది.

నల్లరేవులో ఒక ఆచారం ఉంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బురదమేట మీద సభ. మళ్ళీ పోటు వచ్చి మొదటి అల కాళ్ళను తాకిందా, సభ ముగిసినట్టే. తేలని మాట వచ్చే సభకు.

రేవమ్మ సభకు వెళ్ళి చూసిందంతా చెప్పింది. "లోతు తవ్వకం ఆపండి. గుంతలు పూడ్చండి," అంది.

నక్క తర్కయ్య లేచాడు. గుంతల్లో చిక్కే పీతలన్నీ అతనికే.

"అమ్మా రేవమ్మా, ఆ బుడగ ఒకటి పట్టుకొచ్చి చూపించు, నమ్ముతాం."

"పట్టుకుంటే పగిలిపోతుంది కదయ్యా. వేడి మాత్రం మిగులుతోంది. నీ పొట్ట ఓసారి ఇసుకకు ఆనించి చూడు."

"నా పొట్టకు ఆకలి తప్ప ఇంకేం తెలీదమ్మా!"

సభంతా గొల్లుమంది.

"నీ గుడ్ల కోసం నా పిల్లలు పస్తులుండాలా?" అన్నాడు కోరయ్య.

"పస్తులొద్దు, అన్నా. పైపైన దొరికేది తినండి. లోతుకు పోకండి."

కొన్ని పందులు తలూపాయి. అది చూసి తర్కయ్య గొంతు సవరించుకున్నాడు. "తొందరెందుకు? అసలు వేడి అంటే ఏమిటి? ముందది తేలుద్దాం," అంటూ మొదలుపెట్టి, అల కాళ్ళను తాకేదాకా ఆపలేదు.

"వచ్చే సభకు!" అంటూ అందరూ పోయారు. ప్రతి సభా అంతే.

మేట మీద రేవమ్మ ఒక్కతే మిగిలింది. "స్వామీ, నా మాట ఎవరికీ అక్కర్లేదు. నువ్విచ్చిన కాళ్ళున్నాయిగా," అనుకుంది. గుడ్ల మీద ఇసుక కప్పినట్టే, తెడ్లలాంటి కాళ్ళతో ఒక గుంతను పూడ్చింది. దాంట్లో ఒక మడవిత్తనం గుచ్చింది. మర్నాడు ఇంకొకటి.

"ముసలమ్మ బురదలో గుడ్లు పెడుతోందిరోయ్!" అని పందిపిల్లలు నవ్వేవి.

ఆ ఏడూ గుడ్లు పాడయ్యాయి. రేవమ్మ వాటి పక్కన కాసేపు పడుకుని, మళ్ళీ గుంతల దగ్గరికి పోయింది.

ఏళ్ళు గడిచాయి. రేవమ్మ నాటిన మొక్కలు తోపుగా ఎదిగాయి. ఒకనాడు సభలో తర్కయ్య ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఈసారి మొదటి అల కాళ్ళను కాదు, గొంతులను తాకింది! నీళ్ళ కింద ఏది నేలో, ఏది గుంతో తెలియలేదు.

"పూడ్చిన నేల మీదుగా నా వెనకే రండి!" అంటూ రేవమ్మ ముందు ఈదింది. మందంతా ఆ దారినే నడిచి, తోపులోని వేళ్ళను పట్టుకుంది.

"నా నేల నాకు తెలీదా?" అంటూ కోరయ్య వేరే దారి పట్టాడు. తాను తవ్వించిన గుంతలోనే మునిగిపోయాడు. తర్కయ్య ఒక కొమ్మకు వేలాడి బతికాడు. తరవాత ఏ సభలోనూ నోరు విప్పలేదు.

పందులు తవ్వకం ఆపి, గుంతలు పూడ్చాయి. చెట్లు మళ్ళీ కమ్ముకున్నాయి. ఆ నీడకు దిబ్బ చల్లబడింది. మరికొన్నేళ్ళకు గుడ్లు పగిలి, చిట్టి తాబేళ్ళు అలల్లోకి వెళ్ళిపోయాయి. రేవమ్మ మళ్ళీ ఒంటరిదే. కానీ ఇప్పుడు సముద్రం కేసి చూస్తే, ఎదురుచూడ్డానికి ఆమెకు ఎవరో ఉన్నారు.

పిల్లలూ, మిగతాదంతా మరిచిపోయినా పరవాలేదు. ఎవరూ తన మాట వినని ఆ సాయంత్రం రేవమ్మ ఒక గుంత పూడ్చి, ఒక విత్తనం నాటింది చూశారా, అది గుర్తుంచుకోండి. రేపు మీరూ ఒకటి నాటండి. ఎల్లుండి మళ్ళీ నాటండి.

నీతి: కనబడలేదని కీడును ఆపే పనిని వాయిదా వేసేవాడు కాళ్ళ కింది నేలనే పోగొట్టుకుంటాడు, ఒంటరిగానైనా మంచిపని మొదలుపెట్టినవాడు అందరికీ దారి చూపుతాడు.