ఒక్క ఆకు పెళ్లిపందిరి

ఒకప్పుడు పేరీత గింజకు ఆగడమంటే ఏమిటో తెలియదు. పేరీత చూడటానికి ఈతచెట్టులా ఉంటుంది గానీ ఈతకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. ఎండ బాగా కాసే పల్లంలో సాయంత్రం గింజ పడితే తెల్లారేసరికి మొలిచేది. ఆ తర్వాత బీరపాదులా రోజుకో ఆకు వేసుకుంటూ పోయేది.

ఆ పల్లానికి పైన ఒక చలికొండ ఉండేది. అక్కడ మనుషులు నోరు తెరిస్తే మాటకంటే ముందు ఆవిరి వచ్చేది. ఆ కొండమీద పేరీత మొలిచేది కాదు. కానీ పెళ్లిపందిరికి పేరీతాకే కప్పాలని వాళ్ల ఆచారం. పాపం, ఆకులు పల్లం నుంచే మోసుకొచ్చేవారు. పైకి చేరేసరికి సగం మేకలు తినేవి, సగం వాడిపోయేవి.

ఒకసారి విందులో పల్లంవాళ్లు దీనికే పగలబడి నవ్వారు. కొండమీద పందిరి కూడా అరువేనేటి అన్నారు. ఊరిపెద్ద సోనాయి తాతకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఇకమీదట మా నేలలో మొలిచిన ఆకు కప్పితేనే మా ఊళ్లో పెళ్లి, లేకపోతే లేదు అనేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం కదా. ఆ తర్వాత జరగాల్సిన మొదటి పెళ్లి ఎవరిదనుకున్నారు? ఆయన సొంత మనవరాలు సుక్రిది.

సుక్రికి పల్లంలో ఉండే గాసి అంటే ప్రాణం. తాతమీద కోపంతో రెండు రోజులు ఆయనకు అంబలి పొయ్యలేదు. మూడోరోజు కోపం దిగమింగి, కొండ దిగి, పెద్ద పేరీత చెట్టును బతిమాలింది. చెట్టు నారింజ రంగు పండొకటి రాల్చింది. పైకండ ఒలిచి, నానబెట్టి నాటు, తెల్లారేసరికి మొలకై నీ ముందుంటుంది అని చెప్పింది.

ఆ మాట నమ్మి సుక్రి గింజను కొండమీద నాటి, మర్నాటికే పెళ్లివారిని పిలిచేసింది.

తెల్లారింది. డప్పులవాళ్లు వచ్చారు. ఒళ్లంతా పసుపుతో గాసి వచ్చాడు. గాసి కంటే ముందు అతని మేనమామ మంగ్లా పొట్ట వచ్చింది. గింజ మాత్రం రాలేదు. సుక్రి మట్టి తీసి చూస్తే లోపల ముడుచుకుని పడుకుని ఉంది.

"నేను రాను. బయట చలి" అంది గింజ.

సుక్రి చలి దగ్గరికి వెళ్లి కాస్త పక్కకు జరగమంది. ఈ కొండ పుట్టకముందు నుంచీ ఇక్కడే ఉన్నాను, నిన్న వచ్చిన గింజ కోసం ఎక్కడికి పోను అని చలి మూతి ముడిచింది. అదీ న్యాయమే.

ఇక ఊరంతా ఆ గింజ మీద పడింది. ఒకరు గొంగళి కప్పారు. ఒకరు ఆకలేస్తుందేమోనని వేడి అంబలి పోశారు. మునిగిపోతున్నానని గింజ కేకలు పెట్టింది. తాత దాని నెత్తిమీదే మంట వేయించాడు. పైన మాడుతోంది, కింద గడ్డకడుతోంది, మీరు నన్ను నాటారా, కూర వండుతున్నారా అని గింజ ఏడ్చింది.

పెళ్లి కాకుండా పసుపుతో కొండ దిగితే అరిష్టమట. అందుకని పెళ్లివారు ఉండిపోయారు. రోజూ పొద్దున్నే గాసికి కొత్తగా పసుపు పూసేవారు. కొన్నాళ్లకు అతను పువ్వనుకుని తేనెటీగలు వెంటబడసాగాయి. డప్పులు ఆపితే పెళ్లి ఆగినట్టని డప్పులవాళ్లు వంతులవారీగా కొడుతూనే ఉన్నారు. మంగ్లా మామ తింటూనే ఉన్నాడు. చివరికి ఆయనే తేల్చి చెప్పాడు.

"గాదెలో చోళ్లు ఉన్నన్నాళ్లూ ఉంటాం. అయిపోయిన్రోజు గెడ్డ నీళ్లలో పసుపు కడిగేసుకుని పోతాం. మా గాసికి పల్లంలో పిల్లే దొరకదేటి?"

ఆ రోజునుంచి సుక్రి రోజూ గాదెలో చెయ్యి పెట్టి చూసుకునేది. రోజురోజుకీ చెయ్యి ఇంకా లోతుకు పోయేది.

ఒక సాయంత్రం తాత గొంగళి కప్పుకుని గడగడ వణుకుతున్నాడు. పొయ్యి పక్కనున్న వెచ్చటి గట్టుమీద కూర్చోగానే గొంగళి జారినా పట్టించుకోకుండా గుర్రుపెట్టాడు. సుక్రి చూసింది. పైన ఎంత కప్పినా లాభం లేదు, వెచ్చదనం కింద నుంచి రావాలి! తాత వల్ల జరిగిన మేలు ఏదైనా ఉంటే ఇదొక్కటే.

అడుగున చిల్లి ఉన్న కుండలో ఇసుక పోసి, గింజను సగం లోపలికి, సగం బయటికి ఉండేలా పెట్టి, ఆ కుండను గట్టుమీద కూర్చోబెట్టింది. గింజ, ఏట్లో దిగేవాడు ముందు కాలు పెట్టి చూసినట్టు, సన్నటి వేరొకటి కిందికి చాపింది.

"ఇక్కడ బాగానే ఉంది. రేపు కూడా వెచ్చగా ఉంటాదా?"

"నేనున్నన్నాళ్లూ ఉంటాది" అంది సుక్రి.

గింజ నమ్మలేదు. రోజూ అడిగేది. సుక్రి రోజూ అదే మాట చెప్పేది, పొయ్యి ఆరకుండా చూసేది. కట్టెలు మోసి భుజాలు కాయలు కాశాయి. అక్కచెల్లెళ్లు సంతకు పోతే తను పోలేదు. గింజేమో వేరును కుండలోంచి గట్టులోకి, గట్టులోంచి నేలలోకి దించుతూ వానాకాలమంతా అడుగు వెతుక్కుంది.

గాదె అడుగు కనపడిన రోజున మంగ్లా మామ మూట కట్టాడు. గాసి ఏడుస్తూ గెడ్డవైపు నడిచాడు. సరిగ్గా అప్పుడే కుండలోంచి ఒక ఆకు లేచి, వంకర విప్పుకుని, మోకాలెత్తున నిలబడింది.

మిగతావి ఎక్కడని సుక్రి అడిగింది.

"ఒక్కటే ఉన్నాది" అంది పేరీత చిన్నబుచ్చుకుని.

సుక్రి ఒక్క క్షణం ఆలోచించింది. పరుగున పోయి, గెడ్డలో కాలు పెట్టబోతున్న గాసి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"తాతా, మన నేలలో మొలిచిన ఆకన్నావు. ఎన్నని అన్నావా?"

తాత జీవితంలో మొదటిసారి నోరు అదుపులో పెట్టుకున్నాడు.

కుండ ఎత్తి పందిరి గుంజకు కడదామంటే వేరు నేలలో పాతుకుపోయింది. అందుకని పెళ్లి వంటింట్లోనే, పొయ్యి పక్కనే జరిగింది. సుక్రీ గాసీ నేలమీద బోర్లా పడుకుని ఆకు కిందికి తలలు దూర్చారు. దీవించేవాళ్లు ఒక్కొక్కరే పాకుతూ వచ్చారు. డప్పులవాళ్లు వెల్లకిలా పడుకుని కొట్టారు. మంగ్లా మామ పొట్టమీద పాకలేక దొర్లుకుంటూ వచ్చి, బూడిదలో మీసాలు ముంచి, తుమ్ముతూ దీవించాడు.

అందరూ నవ్వారు. పేరీత మాత్రం నవ్వలేదు. తన కోసం అన్నాళ్లు నిప్పు కాచిన పిల్ల పెళ్లిరోజున నేలమీద పడుకోవాల్సి వచ్చిందని సిగ్గుతో కుమిలిపోయింది. ఈసారి పందిరి వేస్తే ఒక్క ఆకుతో వెయ్యనని ఒట్టు పెట్టుకుంది. సుక్రి కూడా పొయ్యిని పెరట్లోకి మార్చింది, ఇంటికప్పు విప్పించింది గానీ పేరీతను కదపలేదు. ఆ చెట్టు ఆకులు దాచుకుని దాచుకుని, సుక్రి కూతురి పెళ్లినాడు ఇరవై ఆకులు ఒకేసారి విప్పింది. సుక్రి ఆ పందిరి కింద తలెత్తుకుని నిలబడి కళ్లు తుడుచుకుంది.

అప్పటినుంచే పేరీత గింజ నాటితే నెలలకొద్దీ ఉలకదు, పలకదు. ముందు వేరు దించి అడుగు వెచ్చగా ఉందో లేదో చూసుకుంటుంది. తర్వాత ఒకే ఒక్క ఆకు వేస్తుంది. పెద్దయ్యాక మాత్రం ఆకులన్నీ ఒక్కసారే చుట్టూ పందిరిలా విప్పుతుంది, దాని కింద మళ్లీ ఎవరూ పాకక్కర్లేకుండా.