ఒంటి తీర్పరి

కొండ్రపాలెంలో పిల్లలు చెడుగుడు ఆడితే గీతకు అటొకరు, ఇటొకరు తీర్పరులు నిలబడతారు. ఆ రోజు రెండో తీర్పరి పనసతొనలు అతిగా తిని, చెంబు పట్టుకుని పొలాలకేసి పరుగెత్తాడు. దాంతో బుట్టలల్లే సింగన్న ఒక్కడే అటూ ఇటూ ఉరుకుతూ ఆట నడిపిస్తున్నాడు.

కూతకు వెళ్ళిన జమీందారు కొడుకు మధ్యలో ఊపిరి తీసుకున్నాడు. ఆటలోంచి పోయినవాణ్ణి చచ్చాడనడం వాడుక కదా, "కూత తెగింది! చినదొర చచ్చాడు!" అని అరిచాడు సింగన్న.

పందిట్లో కూర్చున్న జమీందారు చివాలున లేచాడు. "మావాడు చావడమేమిట్రా? ఒక్కడు చెప్పిన తీర్పు చెల్లదు!"

"చిత్తం దొరా. ఊరంతా విన్నది. చినదొర బతికే ఉన్నారు," అన్నాడు సింగన్న చేతులు కట్టుకుని. తర్వాత జనంలోకి తిరిగాడు. "అప్పలమ్మా! కచేరీలో దొరగారొక్కరే తీర్పు చెప్పి తోలించుకున్న నీ మేక లేదూ? వెళ్ళి విప్పుకో."

అప్పలమ్మ దివాణం దొడ్డికేసి పరుగు తీసింది. ఆ వెనకే ఆవు పోయినవాడు, బండి పోయినవాడు, కోడిపుంజు పోయినవాడు కూడా లగెత్తారు.

జమీందారు పంచె ఎగ్గట్టి వాళ్ళకు అడ్డం పడ్డాడు.

"ఆగండర్రా! తీర్పుకి ఒక్కడు చాలు! నేను కళ్ళారా చూశాను, మావాడు నిక్షేపంగా చచ్చాడు!"