నలుసు ఉంగరం

ఒకప్పుడు మందుకు లొంగని క్రిమి ఒక్కటీ లేదు. ఆ రోజులు పోయాయి. పోగొట్టింది అసూయ. అదీ ఒకరిది కాదు, ఇద్దరిది.

మొదటిది నలుసుది. నలుసు ఒక బ్యాక్టీరియా. కంటికి కనపడదు. కొల్లేటి పక్కన, కోత కోసిన చేల బురదలో ఉండేది. దానికి ముసలితనం లేదు. ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. రెండూ నలుసులే.

దాని పక్కింట్లో, కుళ్ళిన వరిగడ్డి మీద, బూజమ్మ ఉండేది. పచ్చటి మెత్తటి దుప్పటి పరిచినట్టు గడ్డినంతా ఆక్రమించుకుని కూర్చునేది. ఆమె ఒంటినుంచి ఒక చుక్క కారేది. అది తగిలితే ఏ క్రిమి అయినా అక్కడికక్కడే చచ్చేది.

"ఆవిడ ఇంటికి మాత్రం అందరూ చుట్టు తిరిగి పోతారు. నా ఇంటిని తొక్కుకుంటూ పోతారు" అని నలుసు రుసరుసలాడేది.

పైగా మనుషులు ఆ చుక్కతో మందు పొడి చేశారు. రోగాలు కుదిరాయి. "బూజమ్మ చల్లని తల్లి" అన్నారు. ఆ మాట విన్న రోజు నలుసు తిండి ముట్టలేదు.

రెండో అసూయ మంగతల్లిది. మంగతల్లీ, ఆమె తోడికోడలు నూకాలూ బాతులు మేపేవాళ్ళు. కోతలైన చేలల్లో రాలిన గింజలూ నత్తలూ తినిపిస్తూ, ఊరూరా గుడారం మార్చుకుంటూ తిరిగేవాళ్ళు. చెరో రెండు వందల బాతులు. ఆ బాతులే వాళ్ళ కూడు.

ఆ ఏడు నూకాలు బాతులకు రెట్ట నీళ్ళలా పోయే పారుడు జబ్బు వచ్చింది. పశువుల డాక్టరు పొడి ఇచ్చాడు. "నీళ్ళల్లో కలిపి ఐదు రోజులు పొయ్యి. ఒక్క పూట కూడా తప్పకూడదు" అన్నాడు. నూకాలు అలాగే పోసింది. బాతులు లేచాయి. ఆవురావురుమని మేసి నిగనిగలాడాయి.

మంగతల్లి చూపు వాటి మీదే ఉండిపోయింది.

"అక్కా, నీ బాతులు గుమ్మడికాయల్లా ఉన్నాయేంటి?"

"చావు తప్పించుకుని వచ్చాయి కదే, ఆకలి మీదున్నాయి."

"నాకు తెలుసులే. కిటుకంతా ఆ పొడిలో ఉంది. నాకు చెప్పకుండా నువ్వొక్కదానివే బాగుపడదామని!"

"నీ బాతులకి రోగమేదీ? రోగం లేని బాతుకు మందెందుకే, మంగా?"

"నీవి నిగనిగలాడాలి, నావి ఎండిన పిడకల్లా ఉండాలి. అంతేగా?"

మంగతల్లి ఆ సాయంత్రమే పొడి తెచ్చింది. రోజూ తవుడులో ఒక్క చిటికెడు కలిపింది. ఎక్కువ వేస్తే తొందరగా అయిపోతుందని చిటికెడే.

అప్పటికే బురద నీళ్ళతోపాటు నలుసు తన చుట్టాలతో సహా ఆ బాతుల కడుపులో చేరి ఉంది. పొడి పడగానే, "ఇక్కడికి కూడా వచ్చిందమ్మా మహాతల్లి!" అని అరిచింది. చుట్టాలు టపటపా రాలిపోయారు. నలుసు మాత్రం చావలేదు. దాని ఒంట్లో పుట్టుకతోనే ఒక చిన్న ఉంగరం ఉంది. ఆ ఉంగరం ఉంటే మందును బయటికి ఉమ్మేయవచ్చు. పడింది చిటికెడే కాబట్టి ఉమ్మేయగలిగింది. గుప్పెడు పడి ఉంటే అదే దానికి ఆఖరి రోజు.

మర్నాడు మళ్ళీ చిటికెడు. మళ్ళీ ఉమ్మింది. నెల తిరిగేసరికి గుప్పెడు పడినా ఉమ్మేసేంత సత్తా వచ్చింది.

"వదినా, అలాంటి ఉంగరం నాకూ ఒకటి చేసిపెట్టవూ?" అని పక్కనున్న క్రిమి బతిమాలింది.

"ఇది నాది. నీకెందుకిస్తాను?" అంది నలుసు.

ఆ క్రిమి చచ్చింది. దాని వాటా తిండి కూడా నలుసే తింది.

బాతుల కడుపులన్నీ నలుసులతో నిండాయి. బాతులు పడ్డాయి. మంగతల్లి ఈసారి డాక్టరు చెప్పినట్టే ఐదు రోజులూ పోసింది. ఒక్క పూట తప్పలేదు. నూట ఎనభై బాతులు పోయాయి.

"అక్కా, నీకు పనిచేసిన మందు నాకెందుకు చెయ్యలేదే?" అంటూ గట్టు మీద కూలబడింది.

నూకాలు తన బాతుల్ని పై కాలవకు తోలుకుపోయింది. వాటికి ఇంకా ఏమీ కాలేదు.

బాతుల రెట్టతోపాటు నలుసు మళ్ళీ బురదలో పడింది. నేరుగా బూజమ్మ గడప దగ్గరికి పోయింది.

"ఏం బూజమ్మత్తా, నీ చుక్క పులిసిపోయిందా?"

బూజమ్మ ఒక చుక్క విదిలించింది. నలుసు తుపుక్కున ఉమ్మేసింది.

బూజమ్మ నవ్వింది. "ఓసి పిచ్చిదానా, నువ్వొక్కదానివేగా! ఈ కాలవలో ఆవు కడుపులోవి, మేక పుండులోవి, మనిషి పేగులోవి ఎన్ని లేవు? అవన్నీ ఇప్పటికీ నా పేరు చెబితే వణుకుతాయి. నీ పేరు వాటిలో ఒక్కదానికైనా తెలుసా?"

నలుసుకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ మాట నిజం. ఉంగరం దాచుకున్నంతకాలం బూజమ్మే గొప్పది.

అది కాలవలోకి దిగింది. మనిషి పేగులోంచి కొట్టుకొచ్చిన క్రిమి ఒకటి ఎదురైంది.

"ఇలా రా, నీకొక ఉంగరం ఇస్తాను."

"నేను మీ వంశం దాన్ని కాదు తల్లీ" అని ఆ క్రిమి వెనక్కి జరిగింది.

"అడిగానా? చెయ్యి చాపు."

తన ఉంగరం చూసి అచ్చంగా అలాంటిదే ఇంకోటి చేసి దానికి తొడిగింది. ఆ తర్వాత ఆవు క్రిమికి, మేక క్రిమికి. సొంతవాళ్ళా, పైవాళ్ళా అని చూడకుండా, ఎదురైనవాళ్ళకల్లా ఇవ్వాలని ఆ రోజే తీర్మానించుకుంది. ఎవరి మీదా ప్రేమతో కాదు. బూజమ్మ పేరుకు ఎవరూ వణకకూడదని.

అప్పటినుంచే బ్యాక్టీరియాలు మందును ఓడించే విద్యను ఒకదానికొకటి అందించుకుంటున్నాయి. నిన్న పనిచేసిన మందు ఇవాళ పనిచేయడం లేదు. ఆ రోజు చేసుకున్న తీర్మానాన్ని నలుసు ఇంతవరకూ తప్పలేదు.