నాన్న గూడు ఏది?

మోదుగుల అడవిలో కుందేళ్లు, ఉడతలు, నెమళ్లు, గోరింకలు అన్నీ ఉండేవి. కానీ వాగు వైపు వెళ్తే మాత్రం గిజిగాళ్లదే రాజ్యం. వాగు మీదికి వంగిన ఈత చెట్టుకు వాటి గూళ్లు వేలాడుతూ ఉండేవి. అబ్బ, ఆ రోజుల్లో ఆ చెట్టు కింద ఎంత సందడి! ఇప్పుడు తలుచుకున్నా చెవుల్లో కిచకిచలే.

ఆ గూళ్లలో అన్నిటికన్నా అందమైనది రెల్లన్న అనే గిజిగాడిది. రెల్లన్న చనిపోయాక అతని భార్య చుక్కమ్మ ఆ గూట్లోనే ఉండిపోయింది. ఆమెకు చూపు బాగా తగ్గింది.

"నా ఊపిరి ఉన్నన్నాళ్లూ మీ నాన్న గూట్లోనే ఉంటాను. నన్ను ఇంకెక్కడికీ కదపకండి" అని కొడుకులిద్దరికీ చెప్పింది.

చిన్నకొడుకు పోచయ్య తల్లి దగ్గరే ఉన్నాడు. గాలికి ఒక పోచ తెగితే, రెల్లు ఆకు చీల్చి తెచ్చి ఆ చోట కొత్త పోచ అల్లేవాడు. వాన పడితే మళ్లీ అదే పని.

పెద్దకొడుకు కంకన్న ఉన్నాడే, వాడి వరసే వేరు. వాడికి నాన్నంటే ప్రాణం, అది కాదనలేం. పనంటే మాత్రం ఒళ్లు బరువు! తమ్ముడు తీసి పడేసిన పాత పోచలన్నీ ఏరి ఒక చెట్టు తొర్రలో దాచుకునేవాడు. వాటి మధ్య కూర్చుని, నాన్న తన నోట్లో జొన్నగింజ పెట్టిన రోజుల్ని తలుచుకుని ఏడ్చేవాడు.

కొన్నేళ్లు గడిచాయి. గూట్లో పాత పోచ ఒక్కటి కూడా మిగల్లేదు. అన్నీ కంకన్న తొర్రలోకి చేరాయి. అప్పుడు వాడు ఆ ఎండు పోచలన్నీ తెచ్చి, పక్క కొమ్మకు అచ్చం అలాంటి గూడే అల్లాడు.

"అమ్మా, రా! నాన్న గూడంటే ఇదీ!" అన్నాడు రొమ్ము విరుచుకుని. "తమ్ముడి గూట్లో నాన్న పెట్టిన పోచ ఒక్కటి చూపించమను, చూద్దాం!"

పోచయ్య తన గూటి వైపు చూశాడు. నిజమే కదా మరి!

"పోచలు మార్చిన మాట నిజమే అన్నయ్యా. కానీ అది నాన్న గూడు కాకుండా ఎప్పుడు పోయిందో నువ్వే చెప్పు. మొదటి పోచ మార్చినప్పుడా? చివరి పోచ మార్చినప్పుడా?"

జవాబు తోచనివాళ్లు ఏం చేస్తారు? గట్టిగా అరుస్తారు. కంకన్నా అదే చేశాడు.

"నీ తెలివి నా దగ్గర చూపించకు! ఇది నాన్న ముక్కుతో అల్లిన గడ్డి. ఇన్నాళ్లూ అమ్మను కొత్త గూట్లో పెట్టి, పాతదని నమ్మించావు!"

ఆ మాట చుక్కమ్మ గుండెలో గుచ్చుకుంది. ఇన్నాళ్లూ తాను పరాయి గూట్లో ఉందా? తడుముకుంటూ పెద్దకొడుకు గూటికి వెళ్లింది. పోచలకు ముక్కు ఆనించి వాసన చూసింది. "మీ నాన్న వాసనే రా!" అంటూ బావురుమంది. ఇక అక్కడే ఉండిపోయింది.

పాపం పోచయ్య! ఖాళీ గూటి పక్కన దిగులుగా కూర్చునేవాడు. అయినా తెగిన పోచలు మార్చడం మానలేదు.

తొలకరి వచ్చింది. గాలి ఈత చెట్టును పట్టుకుని ఊపేసింది. పచ్చి పోచతో అల్లిన గూళ్లు వంగి, ఊగి, నిలిచాయి. ఎండు పోచ వంగుతుందా? పుటుక్కున విరిగింది. కంకన్న గూడు అడుగు ఊడి, చుక్కమ్మ వాగు మీదికి జారిపోయింది.

పోచయ్య ఒక్క దూకు దూకి, తల్లిని వీపు మీద ఆపి, కొమ్మ మీదికి చేర్చాడు. కంకన్న మాత్రం నీళ్లలో కొట్టుకుపోతున్న పోచల వెంట పడ్డాడు. ఒకటి అందుకుంటే పది పోతున్నాయి.

"అయ్యో, నాన్న గూడు పోతోంది! నాన్న పోతున్నాడు!"

"కంకా! నాన్నను వాగులో వెతుకుతావేంరా? ఇటు రా!" అని కేకేసింది చుక్కమ్మ.

వాడు తడిసి ముద్దై, ముక్కున ఒకే ఒక్క పోచతో వచ్చి వాలాడు.

"నాకూ మతి పోయింది నాయనా" అంది తల్లి. "వాన వెలిశాక మీ నాన్న ఏనాడైనా ఊరికే కూర్చున్నాడా? మీరు గుడ్లలో ఉండగానే ఆ గూటి పోచలన్నీ ఒకసారి మార్చేశాడు. మీకు రెక్కలు వచ్చేసరికి మళ్లీ మార్చాడు. ఆయన మొదట కట్టిన పోచలు నీ తొర్రలో ఎక్కడున్నాయిరా? ఎప్పుడో ఈ వాగులోనే కలిసిపోయాయి. అయినా అది మన గూడు కాదని ఒక్కరోజైనా అనిపించిందా మనకు?"

కంకన్న వదల్లేక వదల్లేక ఆ పోచను వదిలేశాడు. అది నీళ్లలో పడి వెళ్లిపోయింది. వాడు రెల్లు పొదలోకి ఎగిరిపోయి, ఒక పచ్చి ఆకు చీల్చుకుని వచ్చాడు.

"తమ్ముడూ, ఎక్కడ తెగిందిరా?"

"ఇదిగో అన్నయ్యా, ఇక్కడ."

చుక్కమ్మ పోచయ్య గూట్లోకి వెళ్లి సర్దుకుని కూర్చుంది. బయట పెద్దకొడుకు పోచ లాగి ముడి వేస్తున్న చప్పుడు వినిపించింది. అచ్చం రెల్లన్న వేసినట్టే, లాగి లాగి మరీ వేస్తున్నాడు. కళ్లు మూసుకుని ఆ చప్పుడే వింటూ ఉండిపోయింది.

నీతి: ముక్కలన్నీ దాచినంత మాత్రాన వస్తువు నిలవదు. దాన్ని ప్రేమగా బాగుచేసుకునేవాళ్లు ఉంటే, ముక్కలన్నీ మారినా అది అదే.